పెట్రోల్ వాటర్ పంపు వానాకాలం పక్కకు పెట్టే ముందు ఏమేం చేయాలె?

ప్రాణహిత ఒడ్డు రైతు:
అన్నలూ నమస్తే. మాది సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా. మిరప తోటకు నది నుంచి నీళ్లు తోడెతందుకు 5.5 హెచ్‌పీ పెట్రోల్ పంపు ఉన్నది, ఫోర్ స్ట్రోకు, 2 ఇంచుల పైపుది. కాయ ఏరుడు అయిపోయింది, ఇగ చలికాలం దాకా దానితోని పని లేదు. పోయినేడు వానలు పోయినంక తీసి తాడు ఎంత గుంజినా స్టార్ట్ కాలే, మిస్త్రీ దగ్గరికి తీసుకపోతే కార్బొరేటర్ల జిగురు పట్టిందన్నడు. ఇప్పుడు నల్ల పొగ కూడా వస్తున్నది, పెట్రోలు మస్తు తాగుతున్నది. ఆయిలు ఏది పొయ్యాలె, ఎంత పొయ్యాలె, ఫిల్టర్ కడగొచ్చా? పుస్తకం 2022 వరదలల్ల పోయింది. కొంచెం వివరంగ చెప్పుండ్రి.

రాజురా మెకానిక్:
తమ్మీ, నల్ల పొగ, పెట్రోలు తాగుడు రెండూ ఒక్కసారి వచ్చినయంటే ఇంజన్‌కు గాలి అందుతలేదన్నట్టు. ముందు చోక్, అంటే గాలి దారికి అడ్డముండే మూత, పూర్తిగ తెరుచుకుంటున్నదా చూడు, తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఇప్పు. కార్బొరేటర్ స్క్రూ మాత్రం ముట్టుకోకు. మన దిక్కు అందరు ముందు దాన్నే తిప్పుతరు, ఫిల్టర్ల దుమ్ము మాత్రం అట్లనే ఉంటది, చూస్తే పాణం గుంజుతది నాకు.

స్పాంజి ఉంటది గదా, దాన్ని సబ్బు నీళ్లల్ల మెల్లగ పిసికి కడిగి నీడకు పూర్తిగ ఆరనియ్యి, ఆరినంక మంచి ఇంజన్ ఆయిల్ల ముంచి అరచేతుల నడుమ ఒత్తి పిండు, బట్ట పిండినట్టు మెలి తిప్పితే చినిగిపోతది. ఆయిలు ఎక్కువ మిగిలితే మళ్ల పొగనే. లోపల కాయితం ఫిల్టర్ కూడా ఉంటే దాన్ని అసలు తడపొద్దు, గట్టి దాని మీద మెల్లగ తట్టి దులుపు, బ్రష్ పెడితే దుమ్ము కాయితం సందుల్లకి ఇంక దిగుతది. మామూలుగ 50 గంటలకోసారి శుభ్రం చేయాలె, దుమ్ముల నడిస్తే ఇంకా ముందే.

ఆయిలు 10డబ్ల్యూ-30 ఫోర్ స్ట్రోక్‌ది పొయ్యి. హోండా జీఎక్స్160కి దాదాపు 600 మి.లీ. పడుతది, నీదీ ఆ సైజే కాబట్టి అటుఇటుగ అంతే, కాని డిప్‌స్టిక్, అంటే మూతకుండే ఆయిలు కొలిచే కడ్డీ, చూసుకుంటనే పొయ్యి. కొత్త ఇంజన్‌కు మొదటిసారి 20 గంటలకు, తర్వాత 100 గంటలకో 6 నెలలకో, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలె. కొద్దిసేపు నడిపి గోరువెచ్చగున్నప్పుడు దించితే మురికి ఆయిల్‌తోపాటే వచ్చేస్తది. ఇంకోటి, జీఎక్స్160ల డిప్‌స్టిక్ మూత బిగించి చూడొద్దు, ఊరికె లోపల పెట్టి తియ్యాలె. బిగిస్తే కడ్డీ ఇంకా కిందికి దిగి, ఆయిలు తక్కువున్నా నిండుగ ఉన్నట్టు చూపెడుతది. ఇంజన్ సాపుగ ఉన్న జాగల పెట్టి చూడు, గట్టు మీద వంగి ఉంటే లెక్క తప్పుతది.

అంకీస కుర్రోడు:
మెకానిక్ అన్న చెప్పింది కరెక్టు, దానికి తోడు పెట్రోల్ సంగతి చెప్తా. ఇప్పుడు బంకుల్ల వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్, అది గాలిల తేమను పీల్చుకుంటది, నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తోని కలిసి అడుగుకు దిగుతది, మన వానాకాలంల నెలలకొద్ది ట్యాంకుల ఉంచితే ఇంక చెప్పేదేముంది. జిగురు కూడా పాత పెట్రోల్‌తోనే. అందుకని ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి, కార్బొరేటర్ కింద గిన్నె ఉంటది చూడు, దాని డ్రెయిన్ బోల్టు ఇప్పి ఆ కొంచెం పెట్రోల్ కూడా దించెయ్యి. ఇంజన్ చల్లగయినంకనే, బీడీ సిగరెట్ల దగ్గర అసలు వద్దు. పంపు బాడీ కింద కూడా నీళ్ల బోల్టు ఉంటది, అది ఇప్పితే నది ఇసుక వస్తది, మంచి నీళ్లు పోసి కడుగు. ఇంకా ఏ కారణానికైనా సరే పంపుల నీళ్లు నింపకుండ ఇంజన్ నడపకు, సీలు కాలిపోతది.

పర్లాకిమిడి నుంచి:
మా దగ్గర గడ్డి కోసే మిషను టూ స్ట్రోకు బాబూ, దానికి ఈ ఆయిల్ మార్చడాలు అవీ ఉండవు, పెట్రోల్లోనే కలిపీయాలి. ట్యాంకు మూత మీద 25:1 అని ఉంటే లీటరుకి 40 మి.లీ., 50:1 అని ఉంటే 20 మి.లీ. చదివినోలు రెండూ కలగాపులగం చేసుకుంటారని చెప్తన్నాను, ఫోర్ స్ట్రోకు పంపు ట్యాంకులో ఆయిలు కలపకండి.

ప్రాణహిత ఒడ్డు రైతు:
అందరికి మస్తు థాంక్స్. ఫిల్టర్ ఇప్పిన, స్పాంజి మీద మిరప తోట మట్టి మేకు లెక్క గట్టిపడ్డది. మెకానిక్ అన్నా, ప్లగ్ కూడా చూడాల్నా? ఇంకా ఏ జాగల పెట్టాలె?

రాజురా మెకానిక్:
చూడాలె. నల్ల మసి ఉంటే వైరు బ్రష్‌తో తుడువు, జీఎక్స్160కి ప్లగ్ సందు 0.7 నుంచి 0.8 మి.మీ., సందు కొలిచే ఫిల్లర్ గేజ్ లేకుంటే బైక్ షాపుల చూపియ్యి. ప్లగ్ తీసినప్పుడే ఆ రంధ్రంల ఒక చెంచాడు కొత్త ఇంజన్ ఆయిల్ పోసి, తాడు రెండు మూడు సార్లు మెల్లగ గుంజి ప్లగ్ బిగించు. మళ్ల గట్టిగ తగిలేదాక గుంజి అక్కడ ఆపు, అప్పుడు వాల్వులు మూసుకొని ఉంటయి, తేమ లోపలికి పోదు. నేల మీద కాకుండ చెక్క మీద పెట్టు, యూరియా, పురుగు మందు సంచులున్న గదిల వద్దు, ఇనుము తుప్పు పట్టిస్తయి. పైన గోనె సంచి కప్పు, ప్లాస్టిక్ కవర్ మాత్రం కప్పకు, లోపలే చెమ్మ పట్టుకుంటది.