మూడే పరమాణువులతో నిహోనియం-278 అర్ధాయువును ఎలా లెక్కగట్టారు?

ప్రశ్న:
నమూనాలోని కేంద్రకాల్లో సగం క్షయం చెందడానికి పట్టే కాలమే అర్ధాయువు అని ఇంటర్‌లో చదువుకున్నాం. జపాన్‌లోని రైకెన్ సంస్థలో కొసుకే మొరిటా బృందానికి దొరికిన నిహోనియం-278 పరమాణువులు 2004లో ఒకటి, 2005లో ఒకటి, 2012లో ఒకటి, అంతే. మూడింటిలో సగమంటే ఎంత? అయినా అర్ధాయువు 1.4 మిల్లీసెకన్లని రాశారు. పైగా, కళ్లు మూసి తెరిచేలోగా పోయినదాన్ని 113వ మూలకమేనని ఎలా తేల్చారు?

సమాధానం 1:
ఒక్క కేంద్రకమే ఉన్నా, అర్ధాయువు గడిచేలోగా అది క్షయం చెందే సంభావ్యత సగం. పుస్తకంలోని నిర్వచనం దీని నుంచి వచ్చినదే. అందువల్ల ఒక్కొక్క కేంద్రకం ఎంతసేపు నిలిచిందో తెలిస్తే చాలు. ఈ మూడూ వరుసగా 0.344, 4.93, 0.667 మిల్లీసెకన్లు నిలిచాయి. సగటు 1.98, దాన్ని సగటు ఆయువును అర్ధాయువుగా మార్చే స్థిర సంఖ్య 0.693తో గుణిస్తే 1.37. మీరు చూసిన 1.4 అదే. అయితే రెండో పరమాణువును పక్కన పెట్టి లెక్కిస్తే 0.35 మాత్రమే వస్తుంది కనుక, ఆ అంకెను స్థూలమైన అంచనాగానే తీసుకోవాలి.

సమాధానం 2:
రెండో సందేహానికి జవాబు క్షయ శ్రేణిలో ఉంది. కాంతి వేగంలో దాదాపు పదో వంతు వేగంతో జింక్-70 అయాన్లను పలుచని బిస్మత్-209 పొరపైకి పంపారు. 30 ప్రోటాన్లు, 83 ప్రోటాన్లు కలిసి 113. ఒక న్యూట్రాన్ బయటికి పోగా ద్రవ్యరాశి సంఖ్య 278. అలా పుట్టిన కేంద్రకాన్ని వాయువు నింపిన పరికరంలో అయస్కాంతాలతో మిగతా అయాన్ల నుంచి వేరుచేస్తే, అది వెళ్లి సిలికాన్ శోధకంలో నాటుకుంటుంది. ఆ తర్వాత అదే చోటి నుంచి ఆల్ఫా కణాలు (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్దలు) ఒకదాని వెంట ఒకటి వెలువడతాయి. 2004 నాటి మొదటి కణం శక్తి 11.68 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు.

నిహోనియం నుంచి రాంట్‌జెనియం-274, మైట్నీరియం-270, బోరియం-266, డబ్నియం-262 వరకు మూడు శ్రేణులూ ఒకే దారిన నడిచాయి. మొదటి రెండింటిలో డబ్నియం దానంతటదే రెండుగా విచ్ఛిత్తి చెందింది. ముక్కలను బట్టి మూలకేంద్రకం ఏదో గట్టిగా చెప్పలేం గనుక వాదన అసంపూర్తిగా మిగిలింది. 2012లో మాత్రం డబ్నియం కూడా ఆల్ఫా కణాన్ని వదిలి లారెన్సియం-258గా, అది మెండలీవియం-254గా మారాయి. ఇవి అంతకుముందే తెలిసిన కేంద్రకాలు కాబట్టి, అక్కడి నుంచి ఒక్కో మెట్టుకు రెండేసి ప్రోటాన్లు కలుపుకుంటూ వెనక్కి వెళితే 113 దగ్గరే ఆగుతాం. నా దృష్టిలో మొత్తం ప్రయోగంలో అసలు సాక్ష్యం ఈ ఒక్క శ్రేణే. 2015 డిసెంబరులో గుర్తింపు లభించింది. పేరు మరుసటి ఏడాది ఖరారైంది.

సమాధానం 3:
ఒక చిన్న చేర్పు. నిహోనియం ఐసోటోపులన్నీ ఇంత అల్పాయుష్కులు కావు. 117వ మూలకమైన టెనెసీన్-294 క్షయంలో కనిపించే నిహోనియం-286 అర్ధాయువు సుమారు 10 సెకన్లు. 278లో 165 న్యూట్రాన్లుంటే ఇందులో 173 ఉన్నాయి. కేంద్రకానికి అదనపు స్థిరత్వం ఇస్తుందని సిద్ధాంతం ఊహించిన 184 న్యూట్రాన్ల వైపు జరిగేకొద్దీ ఆయువు పెరుగుతుంది. జింక్, బిస్మత్ జోడీకి అన్ని న్యూట్రాన్లు లేవు. అందుకే 286ను ఆ దారిలో తయారుచేయలేం.