“మేలని ప్రజకున్”: పాదంలో క్రమం ఏది?

తార్నాక: నవంబరు 30, రసాయనాయుధ బాధితుల సంస్మరణ దినానికి మా కాలనీ గ్రంథాలయం గోడకు ఒక అట్ట రాస్తున్నాను. 1988 మార్చి 16న ఇరాక్‌లోని హలబ్జా పట్టణంలో రసాయనాయుధాల దాడికి దాదాపు 5,000 మంది బలైన సంగతి రాసి, కింద పోతనగారి పాదం ఒకటి వేయాలని ఉంది. “గరళమనియు ప్రజకున్ మేలని” అని నోట ఆడుతోంది గానీ ఎక్కడో తడబడుతోంది.

నల్లకుంట: తడబాటు యతి దగ్గర. “మ్రింగెడిదియు గరళమనియు మేలని ప్రజకున్” అన్నది పాఠం. నాలుగో గణం “మే”తో మొదలైతేనే “మ్రిం”తో మైత్రి కుదురుతుంది. అన్నట్టు, “ప్ర” ముందున్న “ని”ని చాలామంది ఊది గురువు చేస్తారు, అది లఘువే.

చిక్కడపల్లి: “ని” సంగతి అటుంచండి. “మేలని” అన్నది గరళానికి కాదు, మ్రింగడానికి అన్వయిస్తుంది. ఈ పాదం ఒక్కటే గోడకెక్కితే, గరళమే ప్రజకు మేలని చదువుకునేవారుంటారు. పైగా శివుడు తెలిసి మ్రింగాడు. హలబ్జావారు తెలియక పీల్చారు. ఆపిల్ పండ్ల వాసన వచ్చిందని బతికినవారు చెప్పుకున్నారు.

హిమాయత్‌నగర్: నాకు “రసాయన” శబ్దమే ముల్లులా గుచ్చుకుంటుంది. ఆయుర్వేదంలో రసాయనమంటే ఆయుష్షు పెంచే మందు కదా. “విషవాయువు” అంటే తీరిపోదా?

చిక్కడపల్లి: తీరదండీ. వాయువని పేరుపడిన మస్టర్డ్ గ్యాస్ మామూలు వేడిమిలో నూనెలాంటి ద్రవం. పైగా మన కుళాయి నీటిని శుద్ధిచేసే క్లోరిన్‌నే 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది. అందుకే 1997 ఏప్రిల్ 29న అమలులోకి వచ్చిన రసాయనాయుధ నిషేధ ఒప్పందం, పదార్థం పేరొక్కటే చూడక, దాన్ని దేనికోసం ఉంచుకున్నారో కూడా చూస్తుంది. మందూ విషమూ ఒక్కటే కాగల మాట “రసాయనం”, దాన్ని మార్చకండి.

తార్నాక: అయితే పద్యం నాలుగు పాదాలూ వేస్తాను. మన దేశం తన రసాయనాయుధ నిల్వలను 2009లో పూర్తిగా నాశనం చేసిందన్న వాక్యానికి చోటు చాలకపోతే అక్షరాలు చిన్నవి చేస్తాను.

నల్లకుంట: వేయండి. ఆవిష్కరణ రోజున చదివేవారికి మాత్రం ముందే చెప్పండి, “ని” ఊదరాదని.

హిమాయత్‌నగర్: ఆ “ని” లఘువన్నది నాకింకా సందేహమే.