ఫ్లోరోసిస్ మీద పబ్‌మెడ్‌లో ఏ పదాలు పెట్టి వెతకాలి?

మర్రిగూడ పిల్ల:
అందరికీ నమస్తే. పబ్లిక్ హెల్త్‌ల ఎంపీహెచ్ చేస్తున్న, డిసర్టేషన్ టాపిక్ ఫ్లోరోసిస్, అంటే నల్గొండ జిల్లాల ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లల ఎముకలకు ఏమైతుంది అని. మాది ఆ దిక్కే, చిన్నప్పటి సంది కళ్లముందు చూస్తున్న సమస్య, అందుకే లిటరేచర్ రివ్యూ గట్టిగ చేయాలని ఉంది. కానీ డాక్టరీ పేపర్లు వెతికే సైట్ పబ్‌మెడ్‌ల టాపిక్ మొత్తం ఒక వాక్యం లెక్క కొడితే ఏం రాలే, ఒట్టి ఫ్లోరైడ్ అని కొడితే టూత్‌పేస్టుల పేపర్లు కుప్పలు కుప్పలు వస్తున్నయ్. ఫ్లోరైడ్, నల్గొండ కలిపి కొడితేనేమో మధ్యల ఇథియోపియా, టాంజానియా పేపర్లు, అవి ఎందుకొస్తున్నయో సమజైతలే. ఏ పదాలు పెట్టాలె, ఎట్ల కలపాలె, తెలిసినోళ్లు జర చెప్పండి.

కాలేజీ లైబ్రేరియన్:
ముందు ఆ ఇథియోపియా సంగతి చెప్తానమ్మా. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటుంది, నాగపూర్‌లో ఉన్న నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు 1970ల్లో తయారుచేశారు, దాని పేరే నల్గొండ టెక్నిక్. తూర్పు ఆఫ్రికాలో కూడా వాడారు కాబట్టి మీ జిల్లా పేరు కొడితే అవన్నీ వచ్చేస్తాయి. అలాగని నాట్ (NOT, ఈ మాట ఉన్నవి వద్దు అని) పెట్టి ఆ మాటని తీసేయకండి, మీకు కావాల్సిన పేపర్లో ఎక్కడో ఒక లైన్లో ఆ టెక్నిక్ పేరుంటే ఆ పేపర్ కూడా పోతుంది. నాట్ అంటే నాకు భయమే, పిల్లలకి ఎప్పుడూ వద్దనే చెప్తాను.

టాపిక్‌ని ముక్కలు చేసుకోండి, జబ్బు ఒకటి, ఎముక ఒకటి, ఊరు ఒకటి. ఒక్కో ముక్కకి డాక్టర్లు పేపర్లలో ఏమేం రాస్తారో అవన్నీ రాసుకోండి. జబ్బుకి ఫ్లోరోసిస్, స్కెలిటల్ ఫ్లోరోసిస్, ఫ్లోరైడ్ పాయిజనింగ్, ఎముకకి జెనూ వాల్గం, నాక్ నీ (రెండూ మోకాళ్లు లోపలికి వంగడమే), ఆస్టియోస్క్లెరోసిస్ (ఎముక గట్టిపడటం), ఇలా. ఒక ముక్కలోవన్నీ ఆర్‌తో (OR, ఏ ఒక్కటి ఉన్నా చాలు అని) కలిపి బ్రాకెట్లో పెట్టి, బ్రాకెట్ల మధ్య అండ్ (AND, అన్నీ ఉండాలి అని) పెట్టాలి, ఈ అండ్, ఆర్ క్యాపిటల్ లెటర్స్‌లోనే ఉండాలి.

ఊరి దగ్గర మాత్రం జాగ్రత్త. తెలంగాణ అని మాత్రమే పెడితే 2014కి ముందువి చాలా తప్పిపోతాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది కదా. 2016లో జిల్లా విడిపోయింది కాబట్టి సూర్యాపేట, యాదాద్రి కూడా చేర్చండి. ఇంకా పెద్ద విషయం, హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు 1973లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్లో నల్గొండ వైపు జెనూ వాల్గం కేసుల మీద ముఖ్యమైన పేపర్ వేశారు, మీ టాపిక్‌కి అది లేకుండా కుదరదు, కానీ దాని టైటిల్లో నల్గొండ అనే మాటే లేదు! 1975కి ముందు రికార్డుల్లో మామూలుగా అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) ఉండదు, మీరు ఊరి పేరుతో గేటు పెడితే అలాంటివి బయటే ఉండిపోతాయి. అందుకే ఒకసారి ఊరితో, ఒకసారి ఊరు లేకుండా జబ్బు, ఎముక మాత్రమే పెట్టి చూడండి.

బోరుబావి:
మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతా. స్టార్ గుర్తు (*) వాడేటప్పుడు మరీ ముందే తెంపకండి, ఫ్లోరో దగ్గర స్టార్ పెడితే ఫ్లోరోసిస్‌తో పాటు క్యాన్సర్ మందు ఫ్లోరోయురాసిల్, యాంటీబయాటిక్ ఫ్లోరోక్వినోలోన్లు, ఎక్స్‌రే ఫ్లోరోస్కోపీ అన్నీ వచ్చి పడతాయి. పైగా పబ్‌మెడ్‌లో స్టార్ పెట్టగానే అది తనంతట తాను సమానార్థాలు వెతకడం ఆపేస్తుంది, కోట్స్ పెట్టినా అంతే. అడ్వాన్స్‌డ్ పేజీలో డిటెయిల్స్ నొక్కితే మీరు కొట్టిన మాటని అది ఎలా అర్థం చేసుకుందో కనిపిస్తుంది, ప్రతిసారీ చూడండి, చాలా డౌట్లు అక్కడే తీరిపోతాయి. ఫ్లోరోసిస్ స్పెల్లింగ్‌లో ఓ, యూ తారుమారైన టైటిళ్లు కూడా ఉంటాయి, ఆ తప్పు స్పెల్లింగ్‌ని కూడా ఆర్‌తో పెట్టేయండి.

నేను భూగర్భజలాల వైపు మనిషిని. నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో చెప్పే పేపర్లలో మా వాళ్లు ఫ్లోరోసిస్ అని రాయకపోవచ్చు, గ్రౌండ్‌వాటర్, గ్రానైటిక్ అక్విఫర్, హైడ్రోజియోకెమిస్ట్రీ అని రాస్తారు, అవి స్కోపస్ అనే ఇంకో డేటాబేస్‌లో ఎక్కువ దొరుకుతాయి. జిల్లా పేరు కాకుండా వాటర్‌షెడ్ (నీటి పరీవాహక ప్రాంతం) పేరుతో, ఉదాహరణకి వైలపల్లి అని, కూడా వెతకండి. డాక్టర్ల మాటలతో వెతికితే ఇవి ఎప్పటికీ కనిపించవు.

పాత ఫైళ్లు:
చరిత్ర చాప్టర్ ఉంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. మన దేశంలో ఈ జబ్బు మీద తొలి రిపోర్టు 1937లో, అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా వైపు కేసులు అవి, ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. అంత పాతవి పబ్‌మెడ్‌లో వెతికి లాభం లేదు, కొత్త పేపర్ల చివర రిఫరెన్సుల్లోంచి పట్టుకోవాలి. పాతకాలంలో పంటి ఫ్లోరోసిస్‌ని మాటిల్డ్ ఎనామెల్ అనేవాళ్లు, ఆ మాట కూడా లిస్టులో ఉండాలి. థీసిస్‌లకి శోధ్‌గంగ (మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే సైట్) చూడండి.

మర్రిగూడ పిల్ల:
అందరికీ శానా థాంక్స్. ఊరు లేకుండ జెనూ వాల్గం, ఫ్లోరోసిస్ కలిపి కొట్టిన, లాన్సెట్ పేపర్ దొరికింది! మెష్ అని పక్కన ఒకటి కనవడుతుంది, అది వాడాల్నా, మామూలు పదాలే వాడాల్నా?

కాలేజీ లైబ్రేరియన్:
రెండూ ఆర్‌తో కలిపి వాడాలమ్మా. మెష్ అంటే వాళ్లు పేపర్‌కి తగిలించే సబ్జెక్ట్ హెడింగ్, అది ఉంటే రచయిత ఏ మాట వాడినా పేపర్ దొరుకుతుంది, కానీ నిన్నమొన్న ఎక్కిన వాటికి ఇంకా తగిలించి ఉండరు, అవి మామూలు పదాలతోనే వస్తాయి. కుదిరిన సెర్చ్‌ని తేదీతో సహా ఫైల్లో కాపీ చేసి పెట్టుకోండి, మెథడ్స్‌లో రాయాలి, పైగా ఎనిమిది గంటలు ముట్టకపోతే పబ్‌మెడ్‌లో సెర్చ్ హిస్టరీ చెరిగిపోతుంది.