బాబు నిక్కరు రోజూ పాడవుతోంది, విరేచనాలు అనుకుని మందు వేశాం. ఏం చేయాలి?

మధురవాడ అమ్మ:

అందరికీ నమస్కారం. మా బాబుకి ఐదున్నరేళ్లు, యూకేజీ, బరువు 17 కేజీలు. జూన్‌లో స్కూలు మార్చాం. ఆగస్టు నుంచి రోజుకి నాలుగైదుసార్లు నిక్కరుకి కొంచెం కొంచెం అంటుకుంటోంది. పల్చగా, జిగటగా ఉంటుంది. ఎందుకు చెప్పలేదురా అంటే "నాకు తెలీలేదమ్మా" అంటాడు. నేను నమ్మలేదు. రెండుసార్లు కొట్టాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తోంది.

విరేచనాలే అనుకుని మెడికల్ షాపులో అడిగి మోషన్స్ ఆగే మందు తెచ్చి వేశాం. రెండు రోజులు ఆగింది. మూడో రోజు రాత్రి పదకొండింటికి కడుపు పట్టుకుని ఒకటే ఏడుపు. వేడి చేసిందని మా అత్తగారు సబ్జా నీళ్లు, చోడి అంబలి పట్టారు. నులిపురుగులేమో అనుకుంటే, ఆ మాత్ర స్కూల్లో అప్పటికే వేశారు. అన్నం రెండు ముద్దలు తిని కడుపు నిండిపోయిందంటాడు. పాలు మాత్రం మూడు గ్లాసులు తాగుతాడు.

ఇంకో రెండు విషయాలు. అప్పుడప్పుడు తలుపు చాటుకి వెళ్లి, కాళ్లు మెలేసుకుని, మునివేళ్ల మీద నిలబడి ముఖం ఎర్రగా చేసుకుంటాడు. బాత్రూంకి తీసుకెళ్తే మాత్రం కూర్చోడు. ఐదారు రోజులకోసారి వెళ్తే కమోడ్ మూసుకుపోయేంత లావుగా వస్తోంది. మూడేళ్లప్పుడే మానేసిన పక్క తడపడం కూడా మళ్లీ మొదలైంది.

స్కూలు వాళ్లు డయపర్ వేసి పంపమంటున్నారు. స్కానింగ్ తీయించాలా? పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలా, గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికా? మా మావగారికి 63 ఏళ్లు, రెండు నెలలుగా ఆయనకీ మలబద్ధకం. ఇసబ్‌గోల్ తాగుతున్నారు. ఇద్దరికీ ఒకటే పథ్యం పెట్టొచ్చా?

మర్రిపాలెం నుంచి ఒక అమ్మ:

చెల్లీ, మా పాపకి నాలుగేళ్లప్పుడు అచ్చం ఇదే. ఇవి విరేచనాలు కావు, మలబద్ధకం. మాకు ఈ మాట చెప్పడానికి ముగ్గురు డాక్టర్లు పట్టారు. చివరికి చూసినాయన స్కానింగ్ ఏమీ రాయలేదు. పాపని పడుకోబెట్టి, పొట్ట కింద ఎడమవైపు నొక్కి చూసి, నా చెయ్యి కూడా అక్కడ పెట్టించారు. గట్టిగా ఉండలా తగిలింది.

గెడ్డకి, అదే వాగుకి, బండరాయి అడ్డం పడితే నీళ్లు పక్కల నుంచి కారతాయి కదా, ఇదీ అంతే. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుడుతుంది. ఆ భయానికి పిల్లలు ఆపుకుంటారు. ఆపుకున్న కొద్దీ పెద్దపేగు నీరు పీల్చేసుకుంటుంది, మలం ఇంకా గట్టిపడుతుంది. అది నిండి నిండి చివరి పేగు సాగిపోతుంది, ఇక వస్తున్నట్టు తెలియదు. పైనుంచి పల్చటిది పక్కల నుంచి జారిపోతుంది. మీ బాబు తెలీలేదన్నాడంటే నిజంగానే తెలియలేదు. కాళ్లు మెలేసుకునేది ముక్కడానికి కాదు, ఆపుకోవడానికి. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి పక్క తడపడమూ దీనివల్లే కావచ్చు.

మాకు పాలిఇథిలీన్ గ్లైకాల్ పౌడరు రాశారు, నీళ్లలో కలిపి తాగించేది. మొదట పేగు ఖాళీ చేయడానికి ఎక్కువ డోసు, కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల లెక్కన, కొన్ని రోజులు. తర్వాత రోజూ తక్కువ డోసు. మీ బాబుకి ఎంతో డాక్టరే చెప్పాలి. ఎక్కువ డోసు రోజుల్లో స్కూలు మాన్పించండి. మూడో రోజు మా ఇంట్లో సాయంత్రం దాకా బట్టలు ఉతుకుతూనే ఉన్నాను. నాలుగో రోజుకి పొట్ట మెత్తబడింది, పాప అడిగి అన్నం పెట్టించుకుంది.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. మూడు వారాలకి బాగుందని పౌడరు ఆపేశాను. నెల తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చింది. కనీసం రెండు నెలలు వాడాలి, అంతా సర్దుకున్నాక ఇంకో నెల వాడి, అప్పుడు మెల్లగా తగ్గించాలి. మాకు ఎనిమిది నెలలు పట్టింది. అలవాటైపోతుందేమోనని నేనూ టెన్షన్ పడ్డాను, అలవాటు పడదన్నారు డాక్టరు, అలాగే జరిగింది.

పొద్దున టిఫినయ్యాక, రాత్రి అన్నం తిన్నాక ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టండి. తిన్న వెంటనే పేగు కదులుతుంది. కమోడ్ మీద కాళ్లు వేలాడితే పిల్లలకి పట్టు దొరకదు, కాళ్ల కింద పీట వేయండి. వచ్చినా రాకపోయినా కూర్చున్నందుకే క్యాలెండర్‌లో స్టిక్కర్ అతికించే వాళ్లం. పాలు రెండు గ్లాసులకి తగ్గించాం. ఎంవీపీ రైతుబజార్ నుంచి జామకాయలు, బొప్పాయి తెచ్చేదాన్ని. అయితే పేగు ఖాళీ కాకముందు పీచు ఎక్కువ పెడితే పొట్ట ఇంకా ఉబ్బుతుంది.

గాజువాక తాతయ్య:

ఇంత మందులెందుకమ్మా. ఆముదం పట్టండి. కాకపోతే సబ్బు ముక్క పెడితే వెంటనే వచ్చేస్తుంది. మా పిల్లలకి అలాగే చేశాం.

రిటైర్డ్ నర్సు, అక్కయ్యపాలెం:

తాతయ్యగారూ, మీ కాలంలో అదే తెలుసు, కాదనను. కానీ సబ్బు లోపల మంట పుట్టిస్తుంది. ఈ బాబుకున్న జబ్బే భయం. అక్కడ మళ్లీ నొప్పి పెడితే ఇంకా బిగపడతాడు.

అమ్మా, పిల్లల వార్డులో 27 ఏళ్లు పనిచేశాను. ముందు పిల్లల డాక్టరు చాలు, విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ పిల్లల విభాగంలో ఓపీకి వెళ్లినా చూస్తారు. పుట్టాక మొదటి నల్ల దొడ్డి 48 గంటల్లోపు వచ్చిందా, గుర్తు చేసుకుని వెళ్లండి. రాకపోయుంటే పేగు చివర నరాలు లేని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు కోసం చూడాలి. ఆకుపచ్చ వాంతి, పొట్ట బాగా ఉబ్బడం, దొడ్డిలో రక్తం, బరువు పెరగకపోవడం, కాళ్లలో బలహీనత, వీటిలో ఏది ఉన్నా ఆగొద్దు. మోషన్స్ ఆపే లోపరమైడ్ పేగు కదలికనే ఆపుతుంది. డాక్టరు చెప్పకుండా పిల్లలకి వేయకూడదు.

మీ మావగారిది వేరే సంగతి. ఇద్దరికీ ఒకటే పథ్యం పెట్టి ఊరుకోకండి. ఆ వయసులో కొత్తగా మలబద్ధకం వచ్చి రెండు నెలలైందంటే కారణం చూడాలి. బరువు తగ్గారా, రక్తం పడుతోందా అడగండి. మగవాళ్లు ఇంట్లో చెప్పరు, మొలలే అనుకుంటారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చేయించి, వాడే మాత్రలన్నీ పట్టుకుని గ్యాస్ట్రో డాక్టరుకి చూపించండి. పెద్దపేగు క్యాన్సర్ కూడా ఒక్కోసారి ఇలాగే మొదలవుతుంది. భయపెట్టడానికి కాదు, తొందరగా వెళ్తారని చెప్తున్నాను.

మధురవాడ అమ్మ (మూడు వారాల తర్వాత):

అక్కా, నర్సమ్మగారూ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. డాక్టరు పొట్ట నొక్కి మలబద్ధకమే అన్నారు. పుట్టినప్పటి కాగితాలు చూపించాం, మొదటి రోజే వెళ్లాడట. పౌడరు మొదలుపెట్టిన ఐదో రోజుకి నిక్కర్లు పాడవడం ఆగింది. పక్క తడపడం ఇంకా అప్పుడప్పుడు ఉంది.

కూర్చోబెట్టినప్పుడు నేనూ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటున్నాను. పదో రోజున వాడంతట వాడే చెప్పాడు, "స్కూల్లో బాత్రూం తలుపుకి గడియ లేదమ్మా, అన్నయ్యలు తోసేస్తారు" అని. జూన్ నుంచి పిల్లాడు పొద్దున ఎనిమిది నుంచి మూడున్నర దాకా ఆపుకున్నాడు. కొట్టినందుకు వాడికి సారీ చెప్పాను. మర్నాడు మా ఆయనా నేనూ కలిసి స్కూలుకి వెళ్లి మాట్లాడాం. గడియ వేయించేదాకా టీచర్ల బాత్రూం వాడుకోనిస్తామన్నారు.

మావగారిని పక్కన కూర్చోబెట్టి అడిగితే రక్తం పడుతోందని అప్పుడు చెప్పారు. హిమోగ్లోబిన్ తక్కువగా, 9 ఉంది. బుధవారం కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పెట్టి చూడటం. పేగు ఖాళీ అవ్వడానికి ముందు రోజు తాగాల్సిన మందు కూడా పాలిఇథిలీన్ గ్లైకాలేనట, డోసు మాత్రం చాలా ఎక్కువ. రిపోర్టు రాగానే రాస్తాను.