సిండ్రెల్లాను ఒంటిమిట్టకు తీసుకొస్తే?

కడప నుంచి:
మా పాప తొమ్మిదో తరగతి. దానికోసం సిండ్రెల్లా కథను కాస్త నవ్వొచ్చేలా తిరగరాస్తున్నాను. రాజుగారి విందు బదులు ఒంటిమిట్ట రాములవారి కల్యాణం పెట్టాను. అదెలాగూ రాత్రి వెన్నెల్లోనే జరుగుతుంది. బండికి మా గుమ్మానికి దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ. సగం కుళ్లి, పసుపు నీళ్లు కారుతోంది. చెప్పు దగ్గరే ఆగిపోయాను. గుడి బయట వేల చెప్పులుంటాయి, ఒకటి పోతే ఎవరు పట్టించుకుంటారు?

కర్నూలు నుంచి:
అదే కదండీ జోకు! యువరాజు చెప్పులు పోయి, ఆమెది తొడుక్కుని పోయాడని రాయండి. గాజు చెప్పు, గుమ్మడికాయ 1697లో ఫ్రెంచి రచయిత పెరో రాసిన కథలోవి. 1812లో జర్మనీ గ్రిమ్ సోదరులు వేసిన కథలో గుమ్మడికాయే లేదు, చెప్పు బంగారంది. అది పట్టాలని సవతి అక్కలు మడమ, వేలు కోసుకుంటారు. ఈ వయసు పిల్లలకు అలాంటివే ఇష్టం, టెన్షన్ మనకే.

అనంతపురం నుంచి:
గ్రిమ్ కథలో సవతితల్లి బూడిదలో పప్పు పోసి ఏరమంటుంది కదక్కా, మా స్కూల్లో చెప్పేటప్పుడు నేను దాన్ని వేరుశనక్కాయలు వొలవడం చేశాను. రెండు బస్తాలంటే ఒక్కరూ నవ్వలేదు. "విత్తనానికా, నూనెకా మేడమ్?" అని అడిగారు. విత్తనానికైతే పప్పు చిట్లకూడదు మరి, గోళ్లు పోతాయి.

కడప నుంచి:
విత్తనానికే అని రాసేశాను! పన్నెండు గంటలకు పరుగు మాత్రం మా పాప ఒప్పుకోలేదు. ఆఖరి బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉంటుందట.