సమస్యాపూరణం: «నీళ్లు పోసి వేప నిండు రుచులు» (ఈసారి వంటకం యాకిసోబా)

మాస్టారు (నిర్వాహకులు):
మిత్రులారా, ఈ వారం సమస్య ఇదిగో.

నీళ్లు పోసి వేప నిండు రుచులు

ఇది ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీవి. విషయం మాత్రం జపాన్ వాళ్లు ఇంట్లో పది నిమిషాల్లో తేల్చేసే యాకిసోబా. గోధుమపిండిలో కాన్సుయి అనే క్షారజలం కలిపి చేసిన పసుపుపచ్చ నూడుల్స్‌ను ఆవిరికి ఉడికించి, నూనె రాసి పొట్లాల్లో అమ్ముతారు. ఇంట్లో క్యాబేజీ, క్యారట్, పెసర మొలకలు, పల్చటి పంది మాంసం ముక్కలతో పెనం మీద వేయించి, పుల్లగా తియ్యగా ఉండే నల్లటి సాసు కలుపుతారు. పైన ఆవోనోరి అనే ఎండు సముద్రపు నాచు పొడి, పక్కన ఎర్రటి అల్లం ఊరగాయ.

ఇక చిక్కు ఎక్కడంటే, మనకు వేపుడంటే నీటికి ఆమడ దూరం. బెండకాయ వేపుడులో చుక్క నీళ్లు పడితే ఆ రోజు వంటింట్లో ఎవరికో మాట పడుతుంది. అలాంటిది నీళ్లు పోసి వేపితే నిండు రుచులెలా వస్తాయి? సమర్థించండి. గణాలు గుర్తు చేయనక్కర్లేదు కానీ కొత్తవాళ్ల కోసం: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), రెండు ఇంద్రగణాలు (మూడు, నాలుగు అక్షరాలవి). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వనిలో పొత్తు.

టోక్యో కోడలు:
మాస్టారూ, టోక్యోలోని నిషి కసాయిలో ఉంటూ ఈ సమస్య వదిలేస్తే నా పరువేం కాను!

ముద్ద కట్టినట్టి మురిపాల నూడుల్సు
పెనము మీద వేసి పీకవద్దు
అంచు వెంట మెల్ల నావిరి పట్టగ
నీళ్లు పోసి వేప నిండు రుచులు

వివరణ: ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో మూడు పొట్లాలు కలిపి ఒక కట్టగా దొరుకుతాయి, లోపలే సాసు పొడి ఉంటుంది. మారుచాన్ వాళ్ల మూడు పొట్లాల కట్ట 1975 నుంచీ ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నూడుల్స్ ఇటుకలా ఉంటుంది. అలాగే పెనం మీద వేసి చాప్‌స్టిక్స్‌తో లాగితే తెగి ముక్కలైపోతుంది. అందుకే నూడుల్స్ చుట్టూ ఓ 50 మి.లీ. నీళ్లు పోయాలి. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. అర నిమిషం ఆగితే అడుగు పోగులు వదులవుతాయి, అప్పుడు తిరగేస్తే చాప్‌స్టిక్స్ వాటంతటవే లోపలికి దిగుతాయి. మొదట బుడబుడమని వచ్చే శబ్దం కాసేపటికి చిటపటలోకి మారుతుంది. నీరు ఇగిరిందనడానికి అదే గుర్తు. అప్పుడు సాసు పొడి.

మాస్టారు:
బాగుందమ్మా. «మెల్లన్» మీద «ఆవిరి» చేరి «మెల్లనావిరి» అయింది కాబట్టి మూడో పాదంలో అ-ఆలకు స్వరయతి చక్కగా కుదిరింది. «పీకవద్దు» అన్న మాటకు నూటికి నూరు. వంట తెలిసినవాళ్లు తప్ప ఆ మాట వేయరు. కానీ «మురిపాల» ఎందుకు? ఇటుకలా ఉందని వివరణలో మీరే రాశారు. ఇటుకకు మురిపెమేమిటి? «ము»కు యతి కావాలి కనుక వచ్చి కూర్చున్న మాట అది. «ముడివడ్డ నూడుల్సు» అనండి, యతీ నిలుస్తుంది, అర్థమూ నిలుస్తుంది.

టోక్యో కోడలు:
«ముద్ద కట్టినట్టి ముడివడ్డ» అంటే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు కాదా మాస్టారూ?

మాస్టారు:
ముద్ద వేరు, ముడి వేరు. మీ పొట్లంలో రెండూ ఉన్నాయి కదా!

హాస్టల్ బావ:
నాకు పొయ్యీ లేదు, పెనమూ లేదు. అయినా పూరించాను చూడండి.

మూత కొంత తెరచి మూడు నిమిషములు
ఆగి వంచినాడ నంత నీరు
పొయ్యి లేదు నాకు పొగ లేదు గదిలోన
నీళ్లు పోసి వేప నిండు రుచులు

చిన్నక్క:
హహ్హ! కప్ యాకిసోబా! అందులో వేపుడెక్కడ తమ్ముడూ? వేడినీళ్లు పోసి, మూత చిల్లుల్లోంచి వార్చేసి, సాసు కలుపుకోవడమేగా?

హాస్టల్ బావ:
పేరులో వేపుడు ఉందక్కా, «యాకి» అంటే అదే. పేరు పెట్టింది నేను కాదు. పెయాంగ్ 1975 నుంచీ, నిస్సిన్ యూఎఫ్‌ఓ 1976 నుంచీ అమ్ముతున్నారు. ఇన్నేళ్లలో జపాన్‌లో ఎవరూ అడగని లెక్క మీరు నన్నడుగుతున్నారు.

మాస్టారు:
చిన్నక్క గారి ఆక్షేపణకు సమాధానం ఉంది, కానీ బావ దాన్ని వాడుకోలేదు. ఆ డబ్బాలోని నూడుల్స్‌ను ఫ్యాక్టరీలోనే నూనెలో వేయించి ఆరబెడతారు. నూనెలో వేగేటప్పుడు లోపలి నీరు బయటికి పోయి సన్నటి రంధ్రాలు పడతాయి. మనం పోసిన వేడినీరు వాటిలోకి దిగి మూడు నిమిషాల్లో మెత్తబరుస్తుంది. కనుక వేపుడు ఉంది, నీళ్లూ ఉన్నాయి, వరుస తిరగబడింది. సమస్య «పోసి వేప» అంటోంది, మీ డబ్బాలో జరిగింది వేపి పోయడం. గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. రెండో పాదం చదువుతూ నవ్వాను. కానీ క్త్వార్థం («పోసి» లాగా ముందు జరిగే పనిని చెప్పే రూపం) కింద కూర్చోబెట్టిన పనులను వెనకాముందు చేసినందుకు మార్కులు తగ్గించక తప్పదు.

చిన్నక్క:
నేను సమస్యను ఒప్పుకోను. ప్రశ్నగా మార్చేశాను.

కాస్త నూనె లోన క్యాబేజి వేపగా
ఊరు నీరె చాలు నూరకుండు
చెప్పుడమ్మ యెట్లు చిత్తడి పెనమందు
నీళ్లు పోసి వేప నిండు రుచులు?

క్యాబేజీ తొంభై పాళ్లు నీరే. ఉప్పు తగిలినా, మూత పెట్టినా ఊరిపోతుంది. దానికి తోడు మొలకలు. వీటి మీద ఇంకో పావు గ్లాసు నీళ్లు పోస్తే అది వేపుడు కాదు, పులుసు. నేను చేసే పద్ధతి వేరు. పొట్లానికి చిన్న గాటు పెట్టి మైక్రోవేవ్‌లో ఓ నిమిషం ఉంచుతాను. నూనె కరిగి పోగులు వాటంతటవే విడిపోతాయి. వాటిని ఒట్టి పెనం మీద పరిచి కదపకుండా వదిలేస్తే అడుగు గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు కూరలు. నీటి అవసరమే రాదు.

కొత్తకలం:
మాస్టారూ, ఒక సందేహం. «లోన క్యాబేజి» అన్నప్పుడు «క్యా» సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న «న» గురువు కాదా? అప్పుడు గణం చెడుతుంది.

మాస్టారు:
మంచి ప్రశ్న. ఒకే పదంలోనో, సంస్కృత సమాసంలోనో అయితే గురువే. ఇక్కడ «లోన» వేరే పదం, «క్యాబేజి» వేరే పదం. తెలుగులో లఘువుగానే ఉంటుంది. చిన్నక్క గారు గణం తప్పలేదు.

ఇక పూరణం సంగతి. సమస్యను ప్రశ్నగా తిప్పడం పాత దారే. చాలామంది తేలిగ్గా బయటపడడానికి ఆ దారి పడతారు. ఈవిడ అలా కాక ముందు కారణం చెప్పి ఆ తర్వాత అడిగారు. «ఊరు నీరె చాలు నూరకుండు» ఈ వారం వచ్చిన పాదాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది. «చెప్పుడమ్మ» మాత్రం టోక్యో అమ్మాయికి గురిపెట్టినట్టుంది!

టోక్యో కోడలు:
తగిలింది మాస్టారూ. చిన్నక్కా, మీ పద్ధతిలో రుచి ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ నేను కూరలు వేగాక వాటిని ఓ గిన్నెలోకి తీసేస్తాను. ఖాళీ పెనంలో నూడుల్స్, నీళ్లు. తడి ఇగిరాక కూరలు మళ్లీ వేస్తాను. అప్పుడు క్యాబేజీ నీరూ నా నీరూ కలవవు. అన్నీ ఒకేసారి కుక్కితేనే మీరన్న పులుసు. ఇళ్లలో పెనాలు చిన్నవి, మంట తక్కువ. ఇద్దరికి మించి ఒక్క వాయిలో చేయకూడదు.

తీపిచేదు:
మాటను విరిచి అర్థం మార్చే విరుపుతో ఒకటి.

మావి ముక్క లుప్పు మరి చింత బెల్లాన
కలిపినట్టి గిన్నె కంట బడెను
సోబ యేల మనకు సొంపైన పచ్చడి
నీళ్లు పోసి, వేప, నిండు రుచులు

మాస్టారు:
పెనం వదిలి ఉగాదికి వెళ్లిపోయారు. వేపను చెట్టెక్కించిన విరుపు భేషుగ్గా ఉంది, అవధానంలో అయితే చప్పట్లు పడేవి. కానీ విషయం యాకిసోబా అని మొదట్లోనే చెప్పాను. «సోబ యేల మనకు» అన్న ఒక్క మాటతో విషయాన్ని ముట్టుకున్నట్టు లెక్క వేయలేను. పోటీ బయట ఉంచుతున్నాను.

పెనంపురాణం:
నాది ఊరి పూరణం. షిజువొకాలో ఫుజి కొండ కింద ఉన్న ఫుజినోమియా గురించి.

ఫుజినొమియ పెనాన పొగ లెగయుచునుండ
గట్టి పోగు లెల్ల కరకరనగ
చేప పొడికి ముందు చిలకరించినటుల
నీళ్లు పోసి వేప నిండు రుచులు

ఆ ఊరి నూడుల్స్‌లో తేమ తక్కువ. ఆవిరికి ఉడికించాక మళ్లీ నీళ్లలో ఉడకబెట్టరు. చప్పున చల్లార్చి నూనె పట్టిస్తారు. అందుకే నమిలితే గట్టిగా సాగుతుంది. ఇనుప పలక మీద పంది కొవ్వు కాచగా మిగిలిన గసి ముక్కలు (నికుకాసు అంటారు) వేసి, నూడుల్స్ మీద నీళ్లు కొట్టి, చివర్లో ఎండు సార్డిన్ చేపల పొడి చల్లుతారు. ఊళ్ల సొంత తిళ్లకు పెట్టిన బీ-1 గ్రాండ్ ప్రీ పోటీలో 2006లోనూ 2007లోనూ మొదటి బహుమతి ఈ ఊరిదే. 2009లో ఆ బహుమతి అకితాలోని యొకొతెకు వెళ్లింది. వాళ్లు పైన సొన సగమే ఉడికేలా వేపిన గుడ్డు పెడతారు.

మాస్టారు:
ఫు-పొ యతి, చే-చి యతి, గ-క యతి, అన్నీ సరిపోయాయి. పరాయి ఊరి పేరును సూర్యగణాల్లో ఇమిడ్చిన తీరు చూడండి, «ఫుజినొ», «మియపె», «నాన». ఎక్కడా కుదుపు లేదు. «చిలకరించినటుల» అన్న మాటతో నీళ్లు ఎన్నో తెలిసింది. «చేప పొడికి ముందు» అన్న మాటతో ఎప్పుడో తెలిసింది. సమస్యలో లేని రెండు సంగతులనూ కవి తెచ్చాడు. ఒక్క పేచీ. పొగ లేచేంత కాలిన పలక మీద చిలకరించిన నీరు పోగుల్లోకి దిగేలోపే ఎగిరిపోదూ?

పెనంపురాణం:
చిలకరించి ఊరుకోరు మాస్టారూ, పోగులను నీటి మీదికి నెట్టి కప్పేస్తారు. ఆవిరి పైకి పోకుండా వాటిలోంచే వెళ్తుంది. పద్యంలో చోటు చాలలేదు.

కొత్తకలం:
నాదీ చూడండి. మొదటి ఆటవెలది.

పంది మాంసపు కొవ్వు కరగనిచ్చి
వేరె నూనె యేల వెర్రి గాక
సాసు కలిపి పిదప చారెడు మాత్రమే
నీళ్లు పోసి వేప నిండు రుచులు

మాస్టారు:
రెండో పాదం పాతకాపు రాసినట్టుంది. మొదటి పాదం చూద్దాం. «పంది», «మాంస» సరే. తర్వాత «పు కొవ్వు» అని లఘువు మీద గురువు పడింది, అది సూర్యగణం కాదు. చివర ఇంద్రగణాలూ లేవు, యతీ లేదు. ఇలా మార్చి చూడండి: «పంది మాంస మందు పైకొవ్వు కరగంగ».

మూడో పాదం ఛందస్సులో ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. సా-చా యతి కూడా చెల్లుతుంది. తప్పంతా వంటలో ఉంది. సాసు కలిపాక నీళ్లు పోస్తే సాసు పల్చబడి పెనం అడుక్కు జారుతుంది, అందులోని చక్కెర అక్కడే మాడుతుంది. పైనున్న నూడుల్స్ చప్పగా మిగులుతుంది. నీరు ఇగిరి పెనం పొడిబారాక పడిన సాసే పోగులకు పట్టి కొంచెం కాలి, ఆ వాసన వస్తుంది. రెండు మాటలు మారిస్తే చాలు: «సాసు కన్న ముందు చారెడు మాత్రమే».

చిన్నక్క:
శాకాహారులకు ఒక మాట. పొట్లంలో వచ్చే సాసు పొడిలో పంది, కోడి, చేపల సారం ఉండొచ్చు. వెనక రాసింది చదవకుండా వాడొద్దు. చాలామంది ఇంట్లో కలిపే సాసులో ఆయిస్టర్ సాసూ ఉంటుంది, అది గుల్లల నుంచి తీసినది.

మాస్టారు:
గడువు అయిపోయింది. ఈ వారం మొదటి స్థానం పెనంపురాణానికి. చిన్నక్క గారిది రెండోది, ఆ రెండో పాదం కోసమే. టోక్యో కోడలి పద్యానికి «మురిపాల» అడ్డం వచ్చింది. లేకపోతే తీర్పు కష్టమయ్యేది. కొత్తకలం గారి సవరించిన పద్యాన్ని నా ఖర్చుతో మూడో స్థానంలో పెడుతున్నాను, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి.

తీపిచేదు:
అభ్యంతరం లేదు. హైదరాబాద్‌లో ఆ ఆవిరి నూడుల్స్ నాకు దొరకలేదు. మామూలు హక్కా నూడుల్స్ ఉడికించి చేసుకోవచ్చా? అప్పుడూ నీళ్లు పోయాలా?

టోక్యో కోడలు:
పోయకండి బాబూ! ఉడికించినప్పుడే కావలసినంత నీరు తాగి ఉంటాయి. ఒక నిమిషం ముందే దించేసి, వార్చి, నూనె రాసి, పళ్లెంలో పరిచి బాగా ఆరనివ్వండి. స్పఘెట్టి అయితే ఉడికే నీళ్లలో కాస్త వంటసోడా వేయండి, ఆ క్షారంతో రంగూ సాగుడూ కొంచెం ఇటువైపు వస్తాయి. ఆ నూడుల్స్ పెనం మీద పడ్డాక చిన్నక్క పద్యమే చదువుకుంటూ వండుకోండి.