బండల మధ్య సముద్రపు గుంటలు పాపకి ఎక్కడ చూపించాలి?

అందరికీ నమస్కారం. మాది వైజాగే, ఎంవీపీ కాలనీ. పౌర్ణమికి, అమావాస్యకి ఆటుపోట్ల తేడా ఎక్కువ కదా, నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు పెద్ద బండల మధ్య మిగిలే గుంటల్లో పీతల్ని, పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులైన సీ అనిమోన్లని మా పాపకి చూపించాలని ఎంతో ఆశగా ఉంది. ఫోటోల్లో కాదు, కళ్లారా.

భీమిలి రోడ్డులో తొట్లకొండ కింద, సహజ శిలాతోరణం ఉన్న మంగమారిపేట వైపు మంచిదా, రుషికొండ దగ్గరి రాళ్లు మంచివా? నాచు పట్టిన బండలంటేనే నాకు టెన్షన్. పైగా మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడ బండలెక్కకుండా ఇసుక మీంచే గుంటల దాకా నడిచి వెళ్లే చోటు ఉందా? నీళ్లు మళ్లీ పెరగడం మొదలైతే ఎంత ముందుగా వెనక్కి వచ్చేయాలి? కాళ్లకి ఏం వేసుకోవాలి?

గుంటల్లోంచి ఏదీ తీయం, చూసి వచ్చేస్తాం. అక్కడ వేటకి వెళ్లే అన్నలెవరైనా ఉంటే దయచేసి చెప్పండి, మీ మాట మీదే బయల్దేరతాం. పౌర్ణమి దగ్గరపడుతోంది.